సరేనండి అనే ముందు: చర్చిలో వాలంటీర్‌గా పనిచేయడం ఎలా

ఆరాధన అయిపోయింది. మీరు ఇంటికి బయల్దేరబోతున్నారు. పాస్టర్ గారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "బ్రదర్, వచ్చే వారం నుంచి మైక్ సెట్ మీరు కాస్త చూసుకుంటారా?" అని అడుగుతారు. మీ నోటి నుంచి "సరేనండి, తప్పకుండా" అని వచ్చేస్తుంది. ఆలోచన ఆ తర్వాత మొదలవుతుంది.

నా కథ అలాగే మొదలైంది. "ఎవరైనా దొరికేదాకా, ఓ రెండు మూడు వారాలు" అన్నారు. ఆరేళ్లు చేశాను. మధ్యలో సండే స్కూల్ వచ్చి చేరింది, తర్వాత పాటల స్లైడ్లు, ఆ తర్వాత హాలు తాళంచెవి. ఆ ఆరేళ్లలో దొరికినవి చాలానే ఉన్నాయి, వాటి గురించి చెబుతాను. చివరి రెండేళ్లు మాత్రం ఇష్టంతో కాదు, మొహమాటంతో చేశాను. చర్చి పనిలో మనిషిని అలసిపోయేలా చేసేది పని కాదు, మొహమాటం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మొదటి మెట్టు: కొన్నాళ్లు ఊరికే కూర్చుని చూడండి

కొత్తగా సంఘంలో చేరినవాళ్లకు ఉత్సాహం ఎక్కువగా ఉంటుంది. అది మంచిదే, అయినా వెంటనే పనిలోకి దిగకండి. రెండు మూడు నెలలు వచ్చి కూర్చోండి, పాడండి, వాక్యం వినండి, మనుషుల పేర్లు నేర్చుకోండి. ఆ చూపులోనే అసలు పని ఎక్కడుందో తెలుస్తుంది. స్టేజీ మీద కనిపించేది పది శాతం కూడా ఉండదు. కుర్చీలు వేసేది ఎవరు? అందరూ వెళ్లిపోయాక లైట్లు ఆపేది ఎవరు? మూడు వారాలుగా రాని ముసలాయన గురించి అడిగేది ఎవరు?

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆవిడకు ఏ పదవీ లేదు. తలుపు దగ్గర నిలబడి అందరికీ "వందనాలు" చెప్పేవారు, అంతే. ఎవరు రాలేదో, ఎవరు ఏడ్చిన కళ్లతో వచ్చారో పాస్టర్ గారికంటే ముందు ఆవిడకే తెలిసేది. ఆవిడ చేసేదాన్ని పరిచర్య అంటారని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

రెండో మెట్టు: మీకు చిరాకు తెప్పించేదేమిటో గమనించండి

"మీకు దేవుడిచ్చిన వరం ఏమిటి?" అని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. నేను వేరే ప్రశ్న అడుగుతాను: ఆదివారం మీకు ఏది చూస్తే చిరాకేస్తుంది? పాట ఒక లైనులో ఉంటే స్లైడు ఇంకో లైనులో ఉండటమా? కొత్తగా వచ్చినవాళ్లను ఎవరూ పలకరించకపోవడమా? లెక్కలు గందరగోళంగా ఉండటమా? మీ పని సాధారణంగా ఆ చిరాకు పక్కనే ఉంటుంది. మిగతావాళ్లకు కనిపించని లోపం మీకు కనిపిస్తోందంటే, అది సరిచేసే ఓపిక కూడా మీలో ఉండొచ్చు.

చేతికి వచ్చిన విద్యను తక్కువ చేసుకోకండి. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే ఊరి దొర్కా చనిపోయినప్పుడు, విధవరాళ్లు ఆమె కుట్టిన బట్టలు తెచ్చి పేతురుకు చూపిస్తూ ఏడ్చారు. ఆమె ప్రసంగాలేమీ వాళ్లు గుర్తు చేసుకోలేదు. అకౌంట్స్ తెలిసినవాళ్లు, కరెంటు పని వచ్చినవాళ్లు, ఫారాలు నింపడం తెలిసినవాళ్లు ఏ సంఘానికైనా ఎప్పుడూ కొరతే. అయితే వారమంతా అదే ఉద్యోగం చేసి ఆదివారం కూడా అదే చేయమంటే విసుగు రావచ్చు. టీచర్లందరినీ సండే స్కూల్‌కి పంపాలన్న రూలేమీ లేదు. వాళ్లను అడిగి చూడండి, కుర్చీలు సర్దడమే హాయిగా ఉందంటారేమో.

ఎందుకు చేయాలనుకుంటున్నారో కూడా నిజాయితీగా చూసుకోండి. దేవుడి మీద ప్రేమ ఉండొచ్చు, ఒంటరితనం ఉండొచ్చు, నలుగురిలో గుర్తింపు కావాలని ఉండొచ్చు. ఇవన్నీ కలగలిసే ఉంటాయి, కంగారు పడాల్సిన పనిలేదు. గుర్తింపు కోసమే అయితే మాత్రం లెక్కల పని, శుభ్రం చేసే పని పెట్టుకోకండి. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు.

మూడో మెట్టు: ఒప్పుకునే ముందు అడగండి

ఇక్కడే మనం తడబడతాం. దేవుడి పనికి షరతులేమిటి అనిపిస్తుంది. ఇవి షరతులు కావు, పని సవ్యంగా జరగడానికి కావలసిన సమాచారం. "ఒక్క రోజు ప్రార్థన చేసుకుని చెబుతానండి" అని ముందు టైమ్ తీసుకోండి. ఆ మాట అబద్ధం కాకుండా నిజంగానే ప్రార్థన చేసుకోండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. తర్వాత ఇవి అడగండి:

– వారానికి ఎన్ని గంటలు పడుతుంది? ఆదివారం ఒక్కటేనా, ప్రాక్టీసులు, మీటింగులు కూడా ఉంటాయా?
– నాకు పని చెప్పేది ఎవరు? సందేహం వస్తే ఫోన్ ఎవరికి చేయాలి?
– నాకు ఒంట్లో బాగోకపోతే నా బదులు ఎవరు?
– ఖర్చయితే డబ్బు ఎవరిస్తారు, బిల్లు ఎవరికివ్వాలి?
– ఎంతకాలం?

చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. "ఆరు నెలలు చేస్తానండి, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అని తేదీతో సహా చెప్పండి. తేదీ ఉంటే కొనసాగించడం కూడా మీ ఇష్టంతో జరుగుతుంది. తేదీ లేకపోతే మానేయడం గొడవలా, అలకలా కనిపిస్తుంది. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే.

నాలుగో మెట్టు: మొదట చిన్నగా, ఎవరి పక్కనైనా

మొదటి నెల పాతవాళ్ల పక్కన ఉండి నేర్చుకోండి. మైక్ సెట్ అయితే ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద గీసుకోండి. సండే స్కూల్ అయితే మూడు నాలుగు క్లాసులు వెనక కూర్చోండి. మీ దగ్గర గొప్ప ఐడియాలు ఉండొచ్చు, వాటిని నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. వచ్చిన రెండో వారమే "మా పాత చర్చిలో అయితే ఇలా చేసేవాళ్లం" అని మొదలుపెడితే పాతవాళ్ల ముఖాలు మాడిపోతాయి. ఆరు నెలల తర్వాత అదే ఐడియా చెప్పండి, వింటారు.

పిల్లలతో పనిచేస్తే

సండే స్కూల్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అది ఎలా మొదలైందో తెలిస్తే ఇంకా పెరుగుతుంది. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో, రాబర్ట్ రేక్స్ అనే పత్రిక యజమాని, వారమంతా కూలిపని చేసే పేద పిల్లలకు ఆదివారం చదవడం నేర్పించే ఏర్పాటు చేశాడు. వాళ్లకు ఖాళీగా ఉండేది ఆ ఒక్క రోజే.

పిల్లలు మీకు నేర్పేది ఎక్కువ. నోవహు ఓడ కథ చెబుతుంటే ఒక ఎనిమిదేళ్ల అబ్బాయి లేచి, "దోమల్ని ఎందుకు ఎక్కించుకున్నాడు అంకుల్?" అన్నాడు. నేను వారం రోజులు ఆలోచించినా జవాబు దొరకలేదు. తర్వాతి ఆదివారం "నాకు తెలియదురా" అని ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి వాడు అసలు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు: వాళ్ల నానమ్మ ఎందుకు చనిపోయింది, దేవుడు తన ప్రార్థన ఎందుకు వినలేదు. తెలియదని చెప్పగలిగే పెద్దమనిషి కోసం పిల్లలు చూస్తుంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఇక కచ్చితంగా పాటించాల్సినవి. పెద్దవాళ్లెవరూ ఒంటరిగా ఒక్క పిల్లాడితో తలుపు వేసిన గదిలో ఉండకూడదు. క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, వాళ్లు భార్యాభర్తలు కాకపోతే ఇంకా మంచిది. తలుపు తెరిచి ఉండాలి, లేదా బయటికి కనిపించే అద్దం ఉండాలి. క్లాసు అయ్యాక పిల్లల్ని తల్లిదండ్రుల చేతికే అప్పగించండి. వాళ్ల అనుమతి లేకుండా ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. పిల్లలకు విడిగా మెసేజులు పంపకండి, చెప్పాల్సింది తల్లిదండ్రులున్న గ్రూపులోనే చెప్పండి. "మనమంతా ఒక కుటుంబం కదా, ఇవన్నీ ఎందుకు?" అని ఎవరైనా అంటే, కుటుంబం కాబట్టే అనండి. ఇవి పిల్లలతో పాటు మిమ్మల్ని కూడా కాపాడతాయి.

తనకు ఎవరో హాని చేస్తున్నారని పిల్లలెవరైనా మీతో చెబితే, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. శాంతంగా వినండి, నమ్మండి, గుచ్చి గుచ్చి అడగకండి, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకోండి. ఆ రోజే పిల్లల రక్షణ చూసే అధికారులకు గానీ పోలీసులకు గానీ చెప్పండి. సంఘం పరువు పోతుందని లోలోపల సర్దుబాటు చేసే ప్రయత్నంలో మీరు భాగం కావద్దు, అలా సర్దుకోమని చెప్పేది ఎంత పెద్దవారైనా సరే.

కానుకల లెక్క మీకు అప్పగిస్తే

ఒంటరిగా ముట్టుకోకండి. బంధుత్వం లేని ఇద్దరు, ఆరాధన అయిన వెంటనే, చర్చిలోనే లెక్కపెట్టాలి. మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. డబ్బు ఎవరి ఇంటికీ వెళ్లకుండా వీలైనంత త్వరగా బ్యాంకులో పడాలి. పుస్తకంలో ఎక్కకముందే "పూలకి కాస్త ఇవ్వండి" అని ఎవరు అడిగినా ఇవ్వకూడదు.

ఇది అపనమ్మకం అనుకునేవాళ్లు ఎజ్రా 8వ అధ్యాయం చదవాలి. బబులోను నుంచి యెరూషలేముకు వెండి బంగారాలు తీసుకెళ్లేటప్పుడు ఎజ్రా వాటిని యాజకులకు తూచి అప్పగించాడు. చేరాక మళ్లీ తూచారు, బరువు మొత్తం రాయించారు. వాళ్లు దొంగలని కాదు, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో, చందా సొమ్ము తీసుకెళ్లడానికి తీతుతో పాటు ఇతరులను కూడా పంపుతూ పౌలు చెప్పిన కారణం కూడా ఇదే. లెక్క సరిగ్గా ఉంటే మీరు రాత్రి నిద్రపోతారు. మీ జేబులోంచి పెట్టిన చిన్న ఖర్చులకు కూడా బిల్లు ఇచ్చి తీసుకోండి. కానుకగా ఇవ్వాలనుకుంటే విడిగా ఇవ్వండి. రెండూ కలిపితే రెండేళ్ల తర్వాత అది మనసులో అప్పుగా మిగిలిపోతుంది.

పరామర్శకు వెళ్లేటప్పుడు

ముందు ఫోన్ చేసి, రావచ్చా అని అడగండి. హాస్పిటల్లో పది పదిహేను నిమిషాలు చాలు. ప్రార్థన చేయమంటారా అని అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. మీ అత్తగారికి ఇదే జబ్బు వస్తే ఏమైందో అక్కడ చెప్పకండి.

చావు ఇంటికి వెళ్తే మాట వెతుక్కోకండి. యోబు స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు రోజులు అతనితో పాటు నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది, నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. "దేవుడు ఏదో మంచికే చేశాడు" అన్న మాట మీకు ధైర్యం ఇస్తుందేమో గానీ, పోగొట్టుకున్నవాళ్లకు ఇవ్వదు. పక్కన కూర్చోండి, పని ఉంటే చేయండి, నెల తర్వాత మళ్లీ వెళ్లండి. నెల తర్వాత వెళ్లేవాళ్లే తక్కువ.

అక్కడ విన్నది అక్కడే ఉండాలి. మన దగ్గర కబుర్లు ప్రార్థన మనవి వేషం వేసుకుని తిరుగుతుంటాయి. "ఫలానా సిస్టర్ కుటుంబం కోసం ప్రార్థించండి, వాళ్లాయన మళ్లీ తాగుతున్నాడట" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు, ఆ సిస్టర్ పెట్టమన్నారా అని మిమ్మల్ని మీరే అడగండి.

గొడవలు వస్తాయి, తయారుగా ఉండండి

బయట ఆఫీసులో గొడవైతే మనకు అంత బాధ ఉండదు. చర్చిలో అలా జరగకూడదని మనం అనుకుంటాం కాబట్టి రెట్టింపు తగులుతుంది. గొడవలు పెద్ద సిద్ధాంతాల మీద రావు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలి, మైక్ సౌండ్ ఎంత పెట్టాలి, క్రిస్మస్ పాట ఎవరు పాడాలి. వీటి మీదే వస్తాయి.

మొదటి సంఘంలోనూ వచ్చింది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం: రోజూ జరిగే పంపకంలో తమ విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు "సణగకండి, ప్రార్థించండి" అని నోరు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! అంటే అన్యాయం జరిగిందన్న వర్గానికి దగ్గరివాళ్లకే పంపకం అప్పగించినట్టు కనిపిస్తుంది. మీ టీములో ఎవరైనా ఫిర్యాదు చేస్తే అందులో నిజం ఎంతుందో ముందు చూడండి.

మీకే బాధ కలిగితే మత్తయి 18వ అధ్యాయంలోని వరసే మంచిది: ముందు ఆ మనిషితో ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లి, ఆ తర్వాతే సంఘం ముందుకు. మనం ఎక్కువగా తిరగేసి చేస్తాం, ఆ మనిషికి తప్ప అందరికీ చెబుతాం. అయితే ఈ వరస అపార్థాలకు, మాట పట్టింపులకు. ఎవరైనా మిమ్మల్ని వేధిస్తుంటే ఒంటరిగా వెళ్లి మాట్లాడాల్సిన అవసరం లేదు.

కొన్నిసార్లు ఇద్దరు మంచివాళ్లకు కలిసి కుదరదు. మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అని పౌలు, బర్నబా తీవ్రంగా వాదించుకుని చెరో దారి పట్టారు. చాలా కాలం తర్వాత అదే పౌలు, మార్కును వెంటబెట్టుకు రమ్మని తిమోతికి కబురు పెట్టాడు. మీరు టీము మారితే ప్రళయమేమీ రాదు.

అలసట గురించి

ఇవి గమనించండి: శనివారం సాయంత్రం నుంచే టెన్షన్. ఆరాధనలో పాట వినిపించదు, స్పీకర్ గరగర మాత్రమే వినిపిస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ల మీద కోపం. ఇంట్లో "మళ్లీ చర్చికేనా?" అన్న ప్రశ్న, దానికి మీరిచ్చే పదునైన జవాబు. నాకు ఇవన్నీ వచ్చాయి. ఒకసారి ప్రభురాత్రి భోజనం జరుగుతున్నప్పుడు నేను సౌండ్ మిక్సర్ వెనక మైక్ బ్యాటరీలు మారుస్తున్నాను. తర్వాత గుర్తొచ్చింది, నేను రొట్టె తీసుకోలేదని. ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదన్నదే నన్ను భయపెట్టింది.

ఏలీయా ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. మాటలన్నీ ఆ తర్వాతే. అలసిపోయిన మనిషికి "ఇంకా ప్రార్థించు" అని చెప్పేముందు, నిద్రపోయాడో లేదో అడగాలి.

చేయాల్సింది ఏమిటంటే, నెలకు కనీసం ఒక ఆదివారం ఏ పనీ లేకుండా ఇంట్లోవాళ్ల పక్కన కూర్చోండి. ఆ రోజు డ్యూటీ లిస్టులో మీ పేరు ఉండకూడదు. ఒక మనిషికి ఒకటే పని, మహా అయితే రెండు. మూడోది ఇస్తే, "తప్పకుండా, ఈ రెండింటిలో ఏది వదిలేయమంటారు?" అని నవ్వుతూ అడగండి. మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామ యిత్రో చూసి, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పని పంచు అన్నాడు. బయటి నుంచి వచ్చిన మామగారికి ఒక్క రోజులో కనిపించింది! మీ ఇంట్లోవాళ్లు అలాంటి మాట అంటే అడ్డంకి అనుకోకండి.

"దేవుని పనికి కాదనకూడదు" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే కాస్త ఆగండి. అడుగుతున్నది దేవుడు కాదు, డ్యూటీ లిస్టులో ఖాళీ నింపాలని తంటాలు పడుతున్న ఒక మనిషి. ఆయన మీద జాలిపడండి, కానీ మీకు వీలుకానిది వీలుకాదనే చెప్పండి. "ఇప్పుడు కుదరదండి" చాలు. కారణాలు చెబుతూపోతే ప్రతి కారణానికీ ఒక పరిష్కారం చూపిస్తారు.

చివరి మెట్టు: అప్పగించి దిగడం

అనుకున్న తేదీకి రెండు నెలల ముందే పాస్టర్ గారికి చెప్పండి. మెసేజ్ పెట్టకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి. కోపంగా ఉన్న వారం చెప్పకండి. మీ పక్కన ఒకరిని పెట్టుకుని నేర్పండి. ఒక నోట్‌బుక్‌లో అన్నీ రాయండి: ఏ స్విచ్ ముందు వేయాలి, ఏ మైక్ నాటకాలాడుతుంది, రిపేరుకు ఎవరికి ఫోన్ చేయాలి, పాస్‌వర్డులు, తాళంచెవులు ఎన్ని, ఎవరి దగ్గర. నేర్చుకునేవాళ్లు మీకన్నా వేరుగా చేస్తే చేయనివ్వండి.

కొందరు ముఖం చాటేస్తారు. ఆరేళ్ల పనికి నాకు ఒక్క థాంక్స్ కూడా రాలేదు, కాస్త నొచ్చుకున్నాను కూడా. నెల తర్వాత ఆ దోమల కుర్రాడి అమ్మ ఆపి, "మీ క్లాసు నుంచే మావాడు రాత్రి ప్రార్థన తనంతట తాను చేసుకుంటున్నాడు" అన్నారు. అంతే చెప్పి వెళ్లిపోయారు.

పని దిగిన మొదటి ఆదివారం మధ్య వరసలో కూర్చోండి, మిక్సర్ కనిపించే చోట వద్దు. రెండో పాటలో మైక్ కీచుమంటుంది. కాళ్లు లేస్తాయి, చేతులు దురద పెడతాయి. లేవకండి. కొత్త తమ్ముడు చూసుకుంటాడు, కాస్త ఆలస్యంగానే అయినా.